మూడో మచ్చ

పోయిన వారం స్కానింగ్ డాక్టరమ్మను ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆమె చెయ్యి తలుపు మీద ఉంది. ఆ మణికట్టును ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రెండో చెయ్యి రోగి అక్కది.

కొత్తగా మనతో కలిసినవారి కోసం నాలుగు ముక్కలు. మార్కెట్ వెనక వీధిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఒకటుంది. తమ్ముడు అద్దం కోస్తాడు, అక్క ఫొటో అమర్చి చిన్న మేకులు కొడుతుంది. తల్లి కడుపునొప్పితో మంచమెక్కి కన్నుమూసినప్పుడు తమ్ముడికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. అప్పటినుంచీ అక్కే అమ్మ. పోయినేడాది తమ్ముడి పేగులో క్యాన్సర్ గడ్డ బయటపడితే తీసేశారు. అప్పటికే దాని విత్తనాలు కాలేయంలో పడ్డాయి. స్కానింగులో మూడు మచ్చలు కనిపించాయి. నెలల తరబడి మందు ఎక్కించి మళ్ళీ స్కానింగ్ తీస్తే రెండు మచ్చలు చిక్కి సగమయ్యాయి. మూడోది, ఎక్కడో లోతున పెద్ద రక్తనాళాల మధ్య ఉన్నది, అసలు లేనే లేదు. పలక మీద అక్షరాన్ని తడిగుడ్డతో తుడిచేసినట్టు పోయింది.

ఇంటిల్లిపాదీ సంబరపడే వార్త అది. తమ్ముడు ఏడ్చాడు. అక్క మాత్రం, ముందే తెలిసిన సంగతిని ఎవరో ఆలస్యంగా చెబుతున్నట్టు తలూపి ఊరుకుంది. ఆపరేషన్ రోజున, థియేటర్లోకి వెళ్ళబోతున్న డాక్టరమ్మను ఆపి ఒక్కటే మాట అడిగింది.

“మిగిలిన రెండూ తీసెయ్యండి. మూడోదాన్ని వెతకొద్దు. అది వెళ్ళిపోయింది.”

“మీకెలా తెలుసు?” అంది డాక్టరమ్మ.

కథ అక్కడ ఆగింది.

 అక్క డాక్టరమ్మ ముఖంలోకి ఒకసారి చూసి చెయ్యి వదిలేసింది. వెనక్కి నడిచి, వెయిటింగ్ హాల్లో గోడవారన ఆఖరి కుర్చీలో కూర్చుంది. తమ్ముడు ఆస్పత్రికి తిరగడం మొదలుపెట్టిన నాటినుంచీ ఆమె కుర్చీ అదే. నర్సులు ఆమెకు ‘నీడ’ అని పేరు పెట్టారు. మిట్టమధ్యాహ్నం నీడ అయినా కాస్త కాళ్ళకింద ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటుంది, ఈవిడకు అదీ లేదు అని నవ్వుకునేవారు. ఎదురుపడితే మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

లోపల తమ్ముడు బల్లమీద మెలకువగానే ఉన్నాడు. మత్తు డాక్టరు అతని చేతిలో సూది సర్దుతున్నాడు. డాక్టరమ్మను చూసి తమ్ముడు నవ్వడానికి ప్రయత్నించాడు.

“అక్క బయటే ఉందా డాక్టర్?”

“ఉంది. తన కుర్చీలోనే కూర్చుంది.”

“పొద్దున్నుంచీ నా ముఖం చూడటం లేదు.” గొంతు తగ్గించాడు. “కోపమేమో అనుకున్నా. కాదు. నాతోనే మాట్లాడుతుంది, కానీ చూపు నా మీద ఉండదు. నా పక్కన ఎవరో కూర్చున్నట్టు అటు చూస్తుంది. దుకాణంలో ఫొటోల్లోవాళ్ళు చూస్తారు చూడండి, మనల్ని దాటి... అలాగ.”

“నిద్ర లేక అలా ఉంటుంది,” అంది డాక్టరమ్మ. “మీరు కాసేపు హాయిగా పడుకోండి. లేచేసరికి అన్నీ అయిపోతాయి.”

“మీరు వెతుకుతారుగా? మూడోదాన్ని.”

అక్క వద్దన్నదే తమ్ముడు అడుగుతున్నాడు. డాక్టరమ్మ తలూపింది. మత్తుమందు ఎక్కుతుండగా అతని కళ్ళు ఆమె భుజం పక్కన ఖాళీలోకి తిరిగి, అక్కడే ఆగి, మూతలు పడ్డాయి. ఆమె తనకు తెలియకుండానే అటు తల తిప్పి చూసింది. చేతి తొడుగుల డబ్బాలున్న అల్మారా తప్ప అక్కడేమీ లేదు.

సర్జన్ గారికి ఆస్పత్రిలో ‘నిదానం’ అని పేరు. ఆయన మెట్లు దిగుతుంటే మెట్లకే విసుగు పుడుతుందంటారు. కానీ ఆయన చేతిలో కత్తి ఉన్నప్పుడు ఆ నిదానమే నలుగురికీ ధైర్యం. ఆయన పొట్ట తెరిచి, పక్కటెముకలను పట్టకారుతో పైకెత్తించి, కాలేయాన్ని దాని కట్లనుంచి మెల్లగా విడిపించారు. అది ఎర్రగా, నున్నగా ఉండాల్సింది. మందుల దెబ్బకు రంగు పాలిపోయి, పైన సన్నని గరుకు తేలింది. రెండు అరచేతుల మధ్య దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమారు.

“ఒకటి ఇక్కడుంది. అంచునే. ఇంకోటి ఈ వెనకాల.” వేళ్ళు మరోసారి తిప్పారు. “మూడోది నా వేళ్ళకు అందలేదు. లోతున ఉండేది కాబట్టి అందదు కూడా. నీ వంతమ్మా.”

అందుకే ఆమెను పిలిపించారు. బయటినుంచి తీసే స్కానింగు చర్మం, కొవ్వు, ఎముకలు అన్నీ దాటుకుని లోపలికి చూడాలి. పొట్ట తెరిచాక ఆ అడ్డేమీ ఉండదు. స్కానింగ్ మిషనుకు కన్నులాంటి ప్రోబు, అగ్గిపెట్టెకన్నా చిన్నది ఒకటి, దానికో పొడవాటి వైరు. శుద్ధి చేసిన తొడుగు వేసి, వేలికి తగిలించుకుని, తడిచేసిన కాలేయం మీద నేరుగా ఆనిస్తే చాలు. చిన్న గింజంత మచ్చ కూడా తప్పించుకోలేదని పుస్తకాలు చెబుతాయి. తప్పించుకున్నవాటిని ఆమె చూసింది.

“లైట్లు తగ్గించండి.”

పెద్ద నర్సు బల్లమీది దీపాలు ఆర్పింది. తెర వెలుగు ఒక్కటే మిగిలింది. బూడిదరంగు వెలుగులో ముసుగుల పైన నాలుగు జతల కళ్ళు. ఊపిరి మిషను బుస్సుమని పీల్చి, ఉస్సుమని వదులుతోంది.

డాక్టరమ్మ వేలు కదిలింది. తెరమీద రక్తనాళాలు విచ్చుకున్నాయి, వేసవి రాత్రి ఆకాశంలోంచి చూస్తే నదులు కనిపించినట్టు, నల్లగా, కొమ్మలు కొమ్మలుగా. వాటి దారులు ఆమెకు సొంత వీధికన్నా బాగా తెలుసు. మొదటి మచ్చ కనబడింది. రెండోదీ కనబడింది. సర్జన్ గారి వేళ్ళు చెప్పిన చోటే ఉన్నాయి రెండూ.

తర్వాత ఆమె కుడి సిర, నడిమి సిర ఈ రెంటి మధ్యకు వెళ్ళింది. పాత స్కానింగులో మూడో మచ్చ ఉన్నది అక్కడే. పైనుంచి చూసింది. పక్కనుంచి చూసింది. ప్రోబును వంచి, వెనక్కి లాగి, మళ్ళీ జరిపింది. బూడిదరంగు తప్ప ఏమీ లేదు. ఇంట్లో మనిషి పోయాక ఆ మంచంకేసి చూసినట్టుంది ఆ చూపు. ఉన్నట్టూ లేదు, పూర్తిగా లేనట్టూ లేదు.

“ఏమంటావు?” అన్నారు సర్జన్ గారు.

“కనబడటం లేదు సర్.”

“లేదా, కనబడటం లేదా?”

ఆమె ప్రోబును మరోసారి జరిపి చూసింది. “కనబడటం లేదు. మందులవల్ల కాలేయానికి కొవ్వు పట్టింది. తెరంతా తెల్లబారిపోతోంది. మంచులో తెల్లచీర కట్టుకున్న మనిషి నిలబడితే కనబడదుగా.”

“మనిషంటూ నిలబడి ఉంటే కదా.” ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “చూడమ్మా. అనుమానం మీద కుడిసగం అంతా తీసేశాననుకో, మిగిలిన ముక్క ఇతన్ని బతికించలేదు. ఈ కాలేయం చూశావుగా, ఎంత నీరసించిపోయిందో. లేనిదాన్ని నేను కొయ్యను.”

“అలా వదిలేసి కుట్టేశాక, అది ఉంటే?”

“ఉంటే.”

“ఉంటే మళ్ళీ మన దగ్గరికే వస్తాడు సర్. అప్పటికి కొయ్యడానికి ఏమీ మిగలదు.”

 ఊపిరి మిషను ఒక్కటే తన పని తాను చేసుకుపోతోంది. ‘వెతకొద్దు’ అన్న మాట డాక్టరమ్మ చెవిలో మెదిలింది. ఎంత తేలిక. లేదు సర్, పోయింది అంటే చాలు. స్కానింగు అదే చెప్పింది, అక్క అదే చెప్పింది, సర్జన్ గారు అదే వినాలనుకుంటున్నారు. పైగా, ఆ చోట ప్రోబు పెట్టిన ప్రతిసారీ ఆమెకు ఒక వింత భావన కలుగుతోంది. తను దేన్నో చూడటానికి ప్రయత్నిస్తున్నట్టు కాదు, తను చూడకుండా ఉండేందుకు ఏదో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టు.

ఆ ఆలోచనే ఆమెకు దారి చూపింది.

“ఊపిరి ఆపగలరా?” అని మత్తు డాక్టర్ని అడిగింది. “కొద్దిసేపే. కాలేయం కదలకుండా ఉండాలి.”

మత్తు డాక్టరు మిషను ఆపాడు. ఇంతసేపూ వినబడిన బుస్సు, ఉస్సు ఆగిపోయాయి. గది ఒక్కసారి లోతైపోయినట్టనిపించింది. తమ్ముడి రొమ్ము కదలడం లేదు. తెరమీద నదులన్నీ నిలిచిపోయాయి. సర్జన్ గారు కాలేయాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ఆమె ప్రోబును కింది వైపునుంచి ఆనించింది.

బూడిదరంగే. మచ్చ లేదు. కానీ అక్కడో సన్నని నరం, వెంట్రుకంత రక్తనాళం, నేరుగా పోతూ పోతూ ఒకచోట పక్కకు ఒరిగింది. కొద్దిగా వంపు తిరిగి, మళ్ళీ తన దారిలో పడింది. అడ్డేమీ లేనిచోట అది ఎందుకు పక్కకు తప్పుకుంది? దారిలో ఎవరో కూర్చుని ఉంటే, మనం చూసీ చూడనట్టు చుట్టు తిరిగి పోతామే, అలా పోతోంది.

“ఊపిరి,” అన్నాడు మత్తు డాక్టరు. మిషను మళ్ళీ బుస్సుమంది.

“సర్, ఆ నరం చూడండి. దేన్నో తప్పుకుని పోతోంది.”

ఆయన చాలాసేపు చూశారు. “పుట్టుకతోనే వంకరగా ఉండొచ్చు.”

“ఉండొచ్చు. బుడగల మందు ఎక్కిద్దాం.”

కంటికి ఆనని గాలిబుడగలు కలిపిన మందు అది. రక్తంలోకి ఎక్కిస్తే కాలేయం ఆ బుడగల్ని తాగి తనలో దాచుకుంటుంది. గడ్డకు దాచుకునే గుణం లేదు. కాసేపటికి కాలేయమంతా తెరమీద వెలుగుతుంది, గడ్డ ఉన్నచోటు మాత్రం చీకటిగా మిగులుతుంది.

“బీపీ అంత బాగాలేదు,” అన్నాడు మత్తు డాక్టరు. “ఇప్పటికే ఆలస్యం చేశాం.”

డాక్టరమ్మ సర్జన్ గారివైపే చూస్తోంది. “సర్, నాకు ఈ ఒక్కటి ఇవ్వండి. అప్పటికీ లేకపోతే నేనే లేదని చెప్తాను. రిపోర్టులో నా పేరు పెట్టి రాస్తాను.”

ఆయన నిట్టూర్చారు. “సరే. ఒక్కసారి. తర్వాత నేను కుట్టేస్తాను.”

మందు ఎక్కింది. మొదట నదులు మెరిశాయి. ఆ వెలుగు కొమ్మల్లోకి, రెమ్మల్లోకి పాకి, పొలాలకు నీళ్ళు పారినట్టు తెరంతా నిండింది. వాళ్ళు ఎదురుచూశారు. పెద్ద నర్సు చేతులు కట్టుకుని నిలబడింది. నరాల్లోని వెలుగు మెల్లగా తగ్గి, కాలేయం మాత్రం తెల్లగా వెలుగుతూ మిగిలింది. తెల్లగా, సమంగా, ఎక్కడా మరకన్నది లేకుండా.

“చూశావుగా,” అని సర్జన్ గారు అనబోయారు. మాట మధ్యలోనే ఆగింది.

ఆ నరం వంపులో చిన్న నల్లచుక్క తేలింది. పైనుంచి పడినట్టు కాదు, లోపలినుంచి తెరుచుకున్నట్టు. కాసేపట్లో అంచులు దిద్దుకుని గుండ్రంగా నిలిచింది. తెల్లటి ముఖంలో ఒకే ఒక్క కన్ను తెరిచినట్టుంది.

పెద్ద నర్సు నోట్లోంచి సన్నగా ఏదో శబ్దం వచ్చింది.

“ఇంతసేపూ ఎక్కడున్నాడు వీడు?” అన్నారు సర్జన్ గారు చాలా మెల్లగా.

“ఇక్కడే సర్. మన ఎదురుగానే.”

ఆ తర్వాత మాటలు తగ్గాయి. లైట్లు మళ్ళీ వెలిగాయి. ఆమె ప్రోబుతో చోటు చూపిస్తుంటే, ఆయన కాలేయం మీద వాతపెట్టే కడ్డీతో గీత గీసుకున్నారు. కుడిసగం అంతా తియ్యక్కర్లేదు, ఈ గీతలోపలి ముక్క చాలు. అయితే పెద్ద సిర పక్కనే పోవాలి, గోడకు సున్నం గోకినట్టు దాన్ని ఆనుకుని పోవాలి. ఆయన కడ్డీ మొదటిసారి లోపలికి దిగినప్పుడే, రక్తం సంచీ తేవడానికి బయటకు వెళ్ళిన పెద్ద నర్సు తిరిగి వచ్చింది. ఆమె ముఖం తేడాగా ఉంది.

“బయట నీడమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు సర్. కుడిపక్క పట్టుకుని గోడకు ఆనుకున్నారు. డ్యూటీ డాక్టర్ని పిలవనా అంటే వద్దన్నారు.” నర్సు సంచీని మత్తు డాక్టరుకు అందించింది. “‘వాళ్ళు వెతికారా?’ అని అడిగారు. నేనేం చెప్పలేదు.”

“నిలబడి నిలబడి నడుం పట్టేసి ఉంటుంది,” అన్నాడు మత్తు డాక్టరు.

“ఆవిడ పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు సర్,” అంది పెద్ద నర్సు.

 అప్పుడే సిరకు ఆనుకున్న చిన్న కొమ్మ ఒకటి తెగి, గాయంలో రక్తం ఊరి నిండిపోయింది. ఎక్కడినుంచి వస్తోందో కనబడటం లేదు. మత్తు డాక్టరు అంకెలు చదువుతున్న గొంతు మారింది. సర్జన్ గారు తొందరపడలేదు. రక్తంలోకి ఒక వేలు దించి, ఒకచోట నొక్కి ఉంచి, గోడమీద తగిలించిన ఫొటో సరిగ్గా ఉందో లేదో చూస్తున్నవాడిలా తల ఒకపక్కకు వాల్చి నిలబడ్డారు. “నిదానంగా పీల్చండి,” అన్నారు. పీల్చే గొట్టం రక్తాన్ని లాగింది. వేలి కింద రంధ్రం కనిపించింది. ఒక కుట్టు, ఇంకో కుట్టు. ఊట ఆగింది. అప్పటిదాకా ఎవరెవరు ఊపిరి బిగబట్టారో, వాళ్ళందరూ ఒకేసారి వదిలారు.

తీసిన ముక్కను నీళ్ళగిన్నెలో వేసి డాక్టరమ్మ మళ్ళీ ప్రోబు ముంచి చూసింది. నల్లచుక్క ముక్క నడుమనే ఉంది, చుట్టూ తగినంత మంచి భాగం ఉంది. ముక్కను కోస్తే లోపల శనగగింజంత పాలిపోయిన గట్టి బొడిపె. చేతితొడుగు మీద పెట్టుకుని చూసింది. ఇంతేనా అనిపించింది. ఇంతదానికి అంత భయమా అనిపించింది.

పరీక్ష కోసం పక్క లాబుకు పంపారు. మిగిలిన రెండు గడ్డలూ తీయడం పూర్తయ్యే వేళకు ఫోను వచ్చింది. పెద్ద నర్సు స్పీకరు పెట్టింది. “మధ్యలో అంతా చచ్చిపోయింది,” అంది లాబులోని గొంతు. “కానీ ఒక అంచున కణాలు బతికే ఉన్నాయి. బాగా బతికి ఉన్నాయి. మంచిపని చేశారు.”

సర్జన్ గారు డాక్టరమ్మకేసి చూశారు. ముసుగు వెనక నవ్వారేమో, కళ్ళ చివర ముడతలు పడ్డాయి. “నేను కుట్టడానికి ఇంకా సమయం పడుతుంది. బయట అక్కగారికి నువ్వే చెప్పు. పట్టుకున్నది నువ్వేగా.”

వెయిటింగ్ హాల్లో సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడి కుర్చీల కాళ్ళ దగ్గర ఆగింది. మిగతా కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అక్క తన కుర్చీలోనే ఉంది, కుడిచెయ్యి పక్కటెముకల కింద ఆనించుకుని. డాక్టరమ్మ పక్క కుర్చీలో కూర్చుని ముసుగు కిందికి లాగింది.

“బాగా జరిగింది. మీ తమ్ముడు క్షేమం. కాసేపట్లో మెలకువ వస్తుంది.”

అక్క కళ్ళు మూసుకుంది.  కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. “మీ చేతులకు దణ్ణం తల్లీ. రెండూ వచ్చేశాయా?”

“మూడూ వచ్చేశాయి.”

అక్క చేతిలోని కొంగు అలాగే ఆగిపోయింది.

“మూడా?”

“మీరు వద్దన్నారని తెలుసు. కానీ అది పోలేదండీ. దాక్కుంది. స్కానింగుకు దొరక్కుండా దాక్కుంది. వదిలేసి ఉంటే మళ్ళీ పెరిగేది.”

“లేదు డాక్టరమ్మా. అది అక్కడ లేదు. మీరు ఇంకేదో చూసి ఉంటారు.”

“నేను చూశాను. తీశాక నా చేతిలో పెట్టుకుని చూశాను. పరీక్ష కూడా చేశారు. మీ తమ్ముడిదే.”

అక్క చాలాసేపు తన ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. వాదించే మనిషిలా లేదు. చిల్లర లెక్క తేలక మళ్ళీ మొదటినుంచీ కూడుకుంటున్న మనిషిలా ఉంది.

“వాడికి మందు ఎక్కించే రోజుల్లో,” అని మొదలుపెట్టింది, “ఇంటికొచ్చి పడుకుంటే వాడికి వొళ్ళు తెలిసేది కాదు. పక్కన కూర్చుని ఇక్కడ చెయ్యి వేసేదాన్ని.” తన కుడిపక్కను చూపించింది. “వేసి, పిలిచేదాన్ని.”

“ఎవర్ని?”

“దాన్నే. ముందు తిట్టాను. తర్వాత బతిమాలాను. తిడితే వచ్చేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి? అప్పుడు చంటిపిల్లని పిలిచినట్టు పిలిచాను. వాడు చిన్నవాడమ్మా, వాడి దగ్గరేముంది, నా దగ్గరికి రా, నేను పెంచుతాను అని.” ఆమె గొంతులో ఎక్కడా వణుకు లేదు. “ఎన్నాళ్ళు పిలిచానో. ఒక మధ్యాహ్నం వచ్చింది. వాడు పక్కకు ఒత్తిగిలి పెద్దగా ఊపిరి వదిలాడు. నాకు ఇక్కడ బరువుగా దిగింది. నెమ్మదిగా, ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు కూర్చున్నట్టు. తర్వాత తీసిన స్కానింగులో వాడికది లేదన్నారు. నాకు ముందే తెలుసు.”

కిటికీ అవతల ఎవరో సామాన్ల బండి తోసుకుంటూ వెళ్ళారు. డాక్టరమ్మ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగింది. ఇలాంటి దుఃఖాన్ని ఆమె ఎరుగును. కన్నవాళ్ళ మీద, తోబుట్టువుల మీద ప్రేమ హద్దుమీరితే మనసు ఎన్ని కథలైనా అల్లుతుంది. తర్కంతో వాటిని విప్పలేం. కళ్ళకు చూపించాలి.

“లేవండి,” అంది మెత్తగా. “పక్కనే నా స్కానింగ్ గది. ఒకసారి చూద్దాం. లోపల ఏమీ లేదని మీ కళ్ళతో మీరే చూద్దురుగాని. అప్పుడు ఇద్దరం వెళ్ళి తమ్ముణ్ణి లేపుదాం.”

అక్క లేచి వెంట వచ్చింది.

చిన్న గది. బల్ల, మిషను, కిటికీకి నల్ల తెర. అక్క పడుకుని జాకెట్టు అంచు కొద్దిగా పైకి జరుపుకుంది. డాక్టరమ్మ జిగురుమందు రాసింది. “చల్లగా ఉంటుంది.”

“ఫర్వాలేదు. లోపల అంతకన్నా చల్లగా ఉంటుంది.”

డాక్టరమ్మ విననట్టే ఉంది. ప్రోబును పక్కటెముకల కింద ఆనించింది. ఇక్కడ చర్మం, కొవ్వు, అన్నీ అడ్డమే. అయినా నదులు కనిపించాయి. నడిమి సిర. కుడి సిర. వాటి మధ్యకు వెళ్ళింది.

వెతకనక్కర్లేకపోయింది. దాక్కోలేదు, తప్పుకోలేదు. రెండు సిరల మధ్య, లోతున, ఇందాక తమ్ముడి ఒంట్లో అంతసేపు గాలించిన ఆ చోటే, నిమ్మకాయంత గుండ్రంగా కూర్చుని ఉంది. చుట్టూ ఉన్న నరాలన్నీ దానికి దారిచ్చి పక్కకు ఒదిగాయి.

డాక్టరమ్మ బొత్తాం నొక్కి బొమ్మను నిలిపింది. ఒకే తల్లి పిల్లలు, అనుకుంది. ఆ తల్లి కూడా కడుపునొప్పితోనే పోయింది. ఒకే నెత్తురు, ఒకే జబ్బు, ఇందులో వింతేముంది? ఇవన్నీ నిజమే. అక్కను కూడా పరీక్ష చేయించుకోమని మొదట్లోనే చెప్పారు, ఆవిడే కొట్టిపారేసింది, అదీ నిజమే.  ఒకే జబ్బు సరే. ఒకే చోటా?

అక్క తెరను చూడటం లేదు. డాక్టరమ్మ ముఖాన్నే చూస్తోంది.

“కనబడిందా?”

డాక్టరమ్మ నిలిపిన బొమ్మకేసి మళ్ళీ చూసింది.

“మీరు కంగారు పడకండి. నాకేం భయం లేదు. రమ్మన్నది నేనేగా.” అక్క కనుబొమలు దగ్గరయ్యాయి. ఇందాకటినుంచీ తేలని లెక్క ఇప్పుడే ఒక కొలిక్కి వస్తున్నట్టు, ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. “కానీ డాక్టరమ్మా, వాడిది వాడి దగ్గరే ఉందన్నారు. మీ చేత్తోనే పట్టుకున్నానన్నారు.”

ఆమె మోచేతి మీద కొద్దిగా లేచి, మొదటిసారి తెరవైపు తల తిప్పింది. అక్కడ నిలిచిపోయిన ఆ గుండ్రటి నలుపును చూసింది. చాలాసేపు చూసింది. మొదటిసారి ఆమె గొంతులో భయం వినిపించింది.

“మరి నేను పిలిస్తే వచ్చిందెవరు?”